ప్రారంభ షరతులున్న అవకలన సమీకరణాలు: ఎంసెట్, జేఈఈకి చదివేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ పిల్లలకు చాలా ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. అవకలన సమీకరణాల చాప్టర్ మన రెండో సంవత్సరం పుస్తకంలో చాలాకాలం చివరి పాఠంగానే ఉండేది. ప్రాక్టికల్స్, ప్రీ-ఫైనల్స్ హడావిడిలో పడి దాన్ని పరుగుల మీద ముగించేయడం మామూలైపోయింది. అందుకే పిల్లలకు సమాకలనం బాగానే వస్తుంది కానీ, చివర్లో వచ్చే సి (సమాకలన స్థిరరాశి) దగ్గర మార్కు పోతుంది. నా దగ్గరికి ఎక్కువగా వచ్చే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

ఎక్స్, వై, డీవై/డీఎక్స్ అని తెలుగులోనే రాస్తున్నాను. మీ నోట్సులో మామూలు గుర్తులే వాడుకోండి. ^ అంటే ఘాతం. వై′ అంటే డీవై/డీఎక్స్. లాగ్ అంటే ఇ ఆధారంగా ఉన్న సహజ లాగరిథం.

ప్రారంభ షరతు అంటే ఏమిటి? అది ఎందుకు ఇస్తారు?

డీవై/డీఎక్స్ = 2ఎక్స్ అనుకోండి. సమాకలనం చేస్తే వై = ఎక్స్² + సి వస్తుంది. ఇది ఒక్క వక్రం కాదు. ఒకే పరావలయాన్ని పైకీ కిందికీ జరుపుతూ పోతే వచ్చే వక్రాలన్నీ ఇందులో ఉన్నాయి. దీన్ని సాధారణ సాధన అంటాం. వాటిలో మనకు ఏది కావాలో చెప్పేదే ప్రారంభ షరతు, క్లాసులో ఇనిషియల్ కండిషన్ అంటామే, అదే. వై(1) = 5 అని ఇస్తే 5 = 1 + సి, కాబట్టి సి = 4. వై = ఎక్స్² + 4 అనేది ప్రత్యేక సాధన.

పేపర్లో దీన్ని రకరకాలుగా రాస్తారు. "వై(1) = 5", "ఎక్స్ = 1 అయినప్పుడు వై = 5", "వక్రం (1, 5) బిందువు గుండా పోతుంది". మూడింటికీ అర్థం ఒకటే.

ఎన్ని షరతులు కావాలి?

సమీకరణం పరిమాణం (అందులో ఉన్న అత్యధిక అవకలజం ఎన్నోదో ఆ సంఖ్య) ఎంతో అన్ని. రెండో పరిమాణం అయితే రెండు కావాలి. ఉదాహరణకు రెండో అవకలజం 6ఎక్స్, వై(0) = 1, వై′(0) = 2 అని ఇచ్చారనుకోండి. ఒకసారి సమాకలనం చేస్తే వై′ = 3ఎక్స్² + సి. ఇక్కడే ఆగి వై′(0) = 2 వాడేయండి, సి = 2 వస్తుంది. రెండోసారి చేస్తే వై = ఎక్స్³ + 2ఎక్స్ + డి, వై(0) = 1 కాబట్టి డి = 1. రెండు స్థిరరాశులనూ చివరిదాకా మోసుకెళ్లాల్సిన పని లేదు.

సి విలువ ఎప్పుడు కనుక్కోవాలి? చివర్లో కనుక్కుంటే తప్పా?

చివర్లో కనుక్కోవడం తప్పు కాదు. కానీ సమాకలనం గుర్తు పోయిన ఆ లైన్లోనే సి రాసి, ఆ తర్వాతి లైన్లోనే విలువ కట్టేయడం మంచి అలవాటు. ఎందుకో ఒక లెక్కలో చూద్దాం.

ఎక్స్ · డీవై/డీఎక్స్ + 2వై = ఎక్స్², వై(1) = 1 అయితే వై(2) ఎంత?

ఇది రేఖీయ సమీకరణం, అంటే వై, డీవై/డీఎక్స్ రెండూ ఒకటో ఘాతంలోనే ఉన్నాయి. ముందు అంతా ఎక్స్‌తో భాగించాలి. అప్పుడు వై గుణకం 2/ఎక్స్, సమాకలన గుణకం (దేంతో గుణిస్తే ఎడమ పక్క అంతా ఒకే అవకలజం అవుతుందో అది) ఎక్స్². భాగించడం మర్చిపోయి ఇ^(2ఎక్స్) అని రాసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఇప్పుడు

ఎక్స్² · వై = ∫ ఎక్స్³ డీఎక్స్ = ఎక్స్⁴/4 + సి

ఇక్కడ ఆగండి. ఎక్స్ = 1, వై = 1 పెడితే 1 = 1/4 + సి, కాబట్టి సి = 3/4. ఇప్పుడు ఎక్స్ = 2 పెడితే 4వై = 4 + 3/4, అంటే వై = 19/16. వై కోసం మళ్లీ ఫార్ములా రాసుకోవాల్సిన అవసరం కూడా రాలేదు.

తొందరలో ఏం జరుగుతుందంటే, సి రాయకుండా ముందు ఎక్స్²తో భాగించేసి వై = ఎక్స్²/4 అనుకుంటారు. అప్పుడు గుర్తొచ్చి పక్కన "+ సి" తగిలిస్తారు. వై(1) = 1 పెడితే మళ్లీ సి = 3/4 వస్తుంది కాబట్టి అనుమానం రాదు. వై(2) = 1 + 3/4 = 7/4. నిజానికి ఆ సి కూడా ఎక్స్²తో భాగించబడాలి. పేపర్ సెట్ చేసేవాళ్లకు ఈ పొరపాటు తెలుసు కాబట్టి ఆప్షన్లలో 7/4 ఉండే అవకాశం ఎక్కువ. ఆప్షన్‌లో జవాబు కనిపించగానే ధైర్యం వచ్చేసి ముందుకెళ్లిపోతాం.

నేను ఎంట్రన్స్ రాసినప్పుడు సరిగ్గా ఇలాంటి లెక్కలోనే సిని ఆలస్యంగా తగిలించాను. బయటికొచ్చి ఫ్రెండ్‌తో జవాబులు సరిచూసుకుంటుంటే తెలిసింది. ఆ రోజంతా అన్నం సయించలేదు. మెథడ్ మొత్తం తెలిసి పోగొట్టుకున్న మార్కు అది. అందుకే మా క్లాసులో సి ఉన్న లైను చుట్టూ పెన్సిల్‌తో డబ్బా గీయిస్తాను. డబ్బా లేకుండా కింది లైనుకు దిగనివ్వను.

లాగ్ లోపల మైనస్ వస్తోంది. లెక్క తప్పు ఇచ్చారా?

లేదు. మీరు మోడ్యులస్ వదిలేశారు. డీవై/డీఎక్స్ = (వై − 3)/ఎక్స్, వై(1) = 1 తీసుకోండి. వై పదాలు ఒక పక్కకు, ఎక్స్ పదాలు ఇంకో పక్కకు వేరు చేసి సమాకలనం చేస్తే లాగ్(వై − 3) = లాగ్ ఎక్స్ + సి అని రాస్తారు. షరతు పెడితే లాగ్(−2). అక్కడ టెన్షన్ మొదలవుతుంది.

సరైన రాత లాగ్|వై − 3| = లాగ్|ఎక్స్| + సి. లాగ్ తీసేస్తే వై − 3 = కె · ఎక్స్. ఈ కె ధనం కావచ్చు, రుణం కావచ్చు. షరతు పెడితే కె = −2, కాబట్టి వై = 3 − 2ఎక్స్. నా సలహా ఏమిటంటే, రెండు పక్కలా లాగ్ వస్తే సిని లాగ్|కె| అనుకుని, లాగ్‌లు తీసేశాకే విలువ పెట్టండి. "సమాకలనం అవగానే పెట్టండి" అన్న పై మాటకు ఇదొక్కటే మినహాయింపు.

ఇదే లెక్కలో వై(1) = 3 అని ఇస్తే? వై − 3తో భాగించడమే కుదరదు. అప్పుడు జవాబు వై = 3 అనే సరళరేఖ. భాగించే ముందు ఆ రాశి షరతు దగ్గర సున్నా అవుతోందా అని ఒక్క చూపు చూడండి.

వర్గమూలం వచ్చినప్పుడు ప్లస్ తీసుకోవాలా, మైనసా?

అది చెప్పేది కూడా షరతే. చాలామంది సి కట్టగానే షరతుతో పని అయిపోయిందనుకుంటారు. దానికి రెండో పని ఇదే.

డీవై/డీఎక్స్ = (ఎక్స్² + వై²)/(2ఎక్స్వై), వై(1) = 2. ఇది సమఘాత సమీకరణం, అంటే అన్ని పదాల ఘాతం సమానం. వై = విఎక్స్ పెడితే

ఎక్స్ · డీవి/డీఎక్స్ = (1 − వి²)/(2వి)

వేరు చేసి సమాకలనం చేశాక ఎక్స్(1 − వి²) = కె వస్తుంది. ఎక్స్ = 1 దగ్గర వి = 2/1 = 2 కదా, వెంటనే కె = 1 − 4 = −3. వై లోకి మారిస్తే వై² = ఎక్స్² + 3ఎక్స్. ఇప్పుడు ఎక్స్ = 2 దగ్గర వై² = 10. మన వక్రం (1, 2) దగ్గర అక్షానికి పైన మొదలైంది. ఎక్స్ 1 నుంచి 2కు వెళ్లే దారిలో వై² ఎక్కడా సున్నా కాలేదు, అంటే వక్రం కిందికి దిగే వీలే లేదు. కాబట్టి వై = √10. వై(1) = −2 అని ఇచ్చుంటే −√10 వచ్చేది.

లెక్క చూడగానే ఏ రకమో ఎలా తెలుస్తుంది?

నేను చూసే వరస చెబుతాను. ఎక్స్, వై వేరు పక్కలకు వస్తాయా? రాకపోతే, అన్ని పదాల ఘాతం సమానంగా ఉండి వై/ఎక్స్‌లోకి మారుతుందా? లేకపోతే వైలో రేఖీయమా? కాకపోతే ఎక్స్‌లో రేఖీయమా? ఈ నాలుగూ కాకపోతే (ఎక్స్ + వై) లాంటి ముద్ద ఏదైనా వి అనుకుంటే తేలిపోతుందా, కుడిపక్క వై^ఎన్ ఉన్న బెర్నూలీ రకమా అని చూస్తాను.

వీటన్నిటికంటే ముందు ఒక్క క్షణం ఎక్స్డీవై − వైడీఎక్స్ లాంటి జంట కనిపిస్తుందేమో చూడండి. ఎక్స్డీవై − వైడీఎక్స్ = ఎక్స్³ డీఎక్స్, వై(1) = 1 అని ఇస్తే, ఎక్స్²తో భాగించగానే ఎడమ పక్క డీ(వై/ఎక్స్) అవుతుంది. వై/ఎక్స్ = ఎక్స్²/2 + సి, సి = 1/2. వై(2) = 5. నాలుగు లైన్లు కూడా పట్టదు.

వైలో రేఖీయం కాకపోతే వదిలేయాలా?

తలకిందులు చేసి చూడండి. (ఎక్స్ + 2వై³) డీవై/డీఎక్స్ = వై, వై(0) = 1. ఇలా చూస్తే ఏ రకంలోనూ పడదు. డీఎక్స్/డీవై రాస్తే

డీఎక్స్/డీవై − ఎక్స్/వై = 2వై²

సమాకలన గుణకం 1/వై. ఎక్స్/వై = వై² + సి. ఎక్స్ = 0, వై = 1 పెడితే సి = −1, కాబట్టి ఎక్స్ = వై³ − వై.

ఇక్కడ పిల్లలు చేసే పొరపాటు విలువలు తారుమారు చేయడం. వై(0) = 1 అంటే ఎక్స్ సున్నా, వై ఒకటి. సమీకరణం తిరగేశాం కదా అని విలువలు కూడా తిరగేస్తారు! వై(6) అడిగితే వై³ − వై = 6, వై = 2. వాస్తవ మూలం అదొక్కటే.

సి లేకుండా చేసే పద్ధతి ఉందంటారు, నిజమేనా?

ఉంది, చాలా బాగుంటుంది. నిశ్చిత సమాకలని వాడటమే. డీవై/డీఎక్స్ = 2ఎక్స్వై, వై(0) = 3, వై(1) కావాలి. వేరు చేశాక ఎడమ పక్క 3 నుంచి వై వరకు, కుడి పక్క 0 నుంచి 1 వరకు హద్దులు పెట్టండి. లాగ్(వై/3) = 1, అంటే వై = 3ఇ. అయిపోయింది. కింది హద్దులు రెండూ ఒకే బిందువుకు చెందాలి, పై హద్దులు రెండూ ఇంకో బిందువుకు చెందాలి. ఆ జత తప్పకుండా చూసుకోవాలి.

షరతు ఇవ్వకుండానే ఎఫ్(లాగ్ 3) విలువ అడిగారు. ఎలా?

ఇచ్చారు, కానీ దాచి ఇచ్చారు. జేఈఈలో ఈ తరహా లెక్కలు ఇష్టంగా ఇస్తారు. ఎఫ్(ఎక్స్) = 1 + 2∫ ఎఫ్(టి) డీటి, హద్దులు 0 నుంచి ఎక్స్ వరకు అనుకోండి. అవకలనం చేస్తే ఎఫ్′ = 2ఎఫ్. షరతు ఎక్కడ? పై హద్దును కింది హద్దుతో సమానం చేయండి. ఎక్స్ = 0 పెడితే సమాకలని సున్నా అవుతుంది, ఎఫ్(0) = 1. కాబట్టి ఎఫ్(ఎక్స్) = ఇ^(2ఎక్స్), ఎఫ్(లాగ్ 3) = 9.

మాటల్లో దాగిన షరతులు కూడా ఉంటాయి. "వక్రం మూలబిందువు గుండా పోతుంది", "వక్రం ఎక్స్-అక్షాన్ని (2, 0) దగ్గర ఖండిస్తుంది", "మొదట్లో ట్యాంకు ఖాళీగా ఉంది". ఇలాంటి వాక్యం కనిపించగానే పక్కన వై(0) = 0 అనో, వై(2) = 0 అనో గణితంలోకి మార్చి రాసుకోండి. అప్పుడే లెక్క మొదలుపెట్టండి.

న్యూటన్ శీతలీకరణ లెక్కల్లో రెండు విలువలు ఇస్తారు కదా, రెండూ ఎందుకు?

ఒకటి సి కోసం, రెండోది కె కోసం. వస్తువు చల్లబడే వేగం దాని ఉష్ణోగ్రతకూ పరిసరాల ఉష్ణోగ్రతకూ ఉన్న తేడాకు అనుపాతంలో ఉంటుంది. ఎంత వేగంగా అనే కె కూడా మనకు తెలియదు.

గది 30 డిగ్రీలు. స్టవ్ మీంచి దించిన టీ 90 డిగ్రీలు. 5 నిమిషాలకు 60 డిగ్రీలైంది. 10 నిమిషాలకు ఎంత? పూర్తిగా సాధించక్కర్లేదు. తేడా మాత్రమే చూడండి. మొదట్లో 60, ఐదు నిమిషాలకు 30. ఐదు నిమిషాలకోసారి తేడా సగమవుతోంది. పది నిమిషాలకు తేడా 15, టీ 45 డిగ్రీలు. పదిహేను నిమిషాలకు 37.5. "మొదటి ఐదు నిమిషాల్లో 30 డిగ్రీలు తగ్గింది, ఇంకో ఐదు నిమిషాల్లో ఇంకో 30" అనుకుంటే టీ గదితో సమానమైపోతుంది, అలా జరగదు. 90 కాస్తా 60 అయింది కాబట్టి తర్వాత 40 అవుతుందనుకోవడం ఇంకో తప్పు. నిష్పత్తి తేడాలకే వర్తిస్తుంది, ఉష్ణోగ్రతలకు కాదు.

కార్బన్-14 లెక్కలూ ఇంతే. దాని అర్ధాయువు (సగానికి తగ్గడానికి పట్టే కాలం) సుమారు 5,730 ఏళ్లు. పావు వంతు మిగిలిందంటే రెండు అర్ధాయువులు గడిచాయి, 11,460 ఏళ్లు.

ఆప్షన్ల నుంచి వెనక్కి వెళ్లి చేయొచ్చా?

తప్పకుండా. ప్రత్యేక సాధన సమీకరణమే ఆప్షన్లలో ఇస్తే, ముందు ప్రారంభ బిందువును నాలుగింటిలోనూ పెట్టి చూడండి. ఆ బిందువు గుండా పోనివి అక్కడికక్కడే ఎగిరిపోతాయి. మిగిలినవి ఒకటికంటే ఎక్కువుంటే, అదే బిందువు దగ్గర వాలు సరిపోతుందా అని చూడండి. డీవై/డీఎక్స్ విలువ సమీకరణమే చెబుతుంది కదా.

ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్న మన ఎంసెట్ ఇంజినీరింగ్ పేపర్లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలవే. సగటున ప్రశ్నకు నిమిషం పైన కొద్ది సెకన్లు. నెగటివ్ మార్కులు లేవు కాబట్టి రెండు ఆప్షన్లు కొట్టేశాక మిగిలిన వాటిలో ఒకటి పెట్టినా నష్టం లేదు. జేఈఈ మెయిన్‌లో తప్పుకు ఒక మార్కు కోత ఉంది, అక్కడ ఊహతో పెట్టకండి.

జేఈఈ మెయిన్ న్యూమరికల్ ప్రశ్నల్లో ఏం జాగ్రత్త?

ఆప్షన్లు ఉండవు, కాబట్టి వెనక్కి వెళ్లే దారి లేదు. జవాబు పూర్ణాంకం కావాలి కాబట్టి అడిగే తీరు మారుస్తారు. పైన 19/16 వచ్చిన లెక్కనే "16వై(2) విలువ ఎంత" అని అడగొచ్చు. వై(2) కట్టి సంతోషంగా వదిలేయకుండా, అడిగింది ఏమిటో మళ్లీ చదివి 19 టైప్ చేయండి.

సాధన ఎక్స్ అన్ని విలువలకూ పనిచేస్తుందా?

చేయదు. డీవై/డీఎక్స్ = వై², వై(0) = 1 సాధిస్తే వై = 1/(1 − ఎక్స్). ఎక్స్ 1కి దగ్గరవుతున్న కొద్దీ వై హద్దు లేకుండా పెరిగిపోతుంది. సున్నా దగ్గర బయలుదేరిన మన వక్రం ఆ గోడ దాటి అవతలికి వెళ్లదు. ఫార్ములాలో ఎక్స్ = 2 పెడితే −1 వస్తుంది కానీ, అది ఈ వక్రం మీది బిందువు కాదు. షరతు ఇచ్చిన బిందువు ఉన్న వైపు మాత్రమే మనది. లెక్కలో "ఎక్స్ > 0" అనో "0 < ఎక్స్ < π/2" అనో రాస్తే అది అలంకారానికి రాయలేదని గుర్తుంచుకోండి. మోడ్యులస్ ఎలా తీయాలో అదే చెబుతుంది.

తెలుగు మీడియం వాళ్లకు పదాల ఇబ్బంది ఉంటుందా?

ఉంటుంది, కానీ వారం రోజుల్లో పోయేదే. జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులోనూ రాయొచ్చు. అయితే అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ ప్రశ్నే ప్రామాణికం. కాబట్టి సమాకలన గుణకం అంటే ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్, సమఘాత అంటే హోమోజీనియస్, పరిమాణం అంటే ఆర్డర్, తరగతి అంటే డిగ్రీ అని రెండు పేర్లూ నోట్సులో పక్కపక్కన రాసుకోండి. తెలుగు మీడియంలో చదివామని వెనకబడ్డామనుకోవద్దు. సిని సరైన లైన్లో రాసేవాళ్లకు ఏ భాషైనా ఒకటే.

సొంతంగా చేసి చూసుకోవడానికి లెక్కలు ఇస్తారా?

మూడు ఇస్తున్నాను. పెన్ను పట్టుకుని చేయండి, కింద జవాబులు ముందే చూడకండి.

మొదటిది: డీవై/డీఎక్స్ = ఎక్స్(1 + వై), వై(0) = 0. వై(2) ఎంత?

రెండోది: డీవై/డీఎక్స్ + వై = ఇ^(−ఎక్స్), వై(0) = 1. వై(2) ఎంత?

మూడోది: డీవై/డీఎక్స్ = (ఎక్స్ + వై)², వై(0) = 0. వై(π/4) ఎంత?

జవాబులు వరసగా ఇ² − 1, 3/ఇ², 1 − π/4. రెండోదానికి 2/ఇ² వచ్చిందంటే సి రాయడం మర్చిపోయారు. మూడోదానికి 1 వచ్చిందంటే వి (అంటే ఎక్స్ + వై) కనుక్కుని ఆగిపోయారు, అందులోంచి ఎక్స్ తీసేస్తేనే వై.